ఇనుప కొంగ మెడ

పోలీసులు అప్పలరాజు శవాన్ని తీసుకెళ్ళారు గాని, ఆయన చేసిన కొంగని కదపలేకపోయారు. అది ఉక్కు మిల్లుల ఊరి శివార్లలో, డిమ్నా సరస్సు ఒడ్డున తల లేకుండా ఒంటికాలి మీద అలాగే నిలబడి ఉంది.

సత్యభామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగేసరికి మోకాలు మొరాయించింది. పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడి, కాలు చాపుకుని, కాసేపు ఏమీ ఆలోచించకుండా నీళ్ళకేసి చూసింది. సోనారిలో ఒక దొంగతనం కేసు తెమిలి ఇంకా వారం కాలేదు. నాలుగు రోజులు తలుపులు వేసుకుని పడుకుందామనుకుంది. ఈ డిటెక్టివ్ వృత్తిలో ఇన్నేళ్ళు గడిచాక ఆమెకి శవాల కంటే బతికున్నవాళ్ళ మొహాలే ఎక్కువ అలసట తెప్పిస్తున్నాయి.

ఇప్పుడు ఎదురుగా ఉన్న మొహం మరీను. ఇరవై రెండేళ్ళ పద్మశ్రీ రెండు మట్టి కప్పుల్లో అల్లం చాయ్ పట్టుకుని నిలబడి ఉంది. పెళ్ళయి రెండు నెలలు. చేతుల నిండా ఉన్న ఆకుపచ్చ గాజులు చాయ్ ఒలికిపోకుండా జాగ్రత్తగా నడిచినా గలగలమంటూనే ఉన్నాయి.

"తాగండి మేడమ్. ఇక్కడి చాయ్ చాలా బాగుంటుంది. మా ఆయన రోజుకి నాలుగు తాగుతాడు," అంది. అని, మా ఆయన ఇప్పుడెక్కడున్నాడో గుర్తొచ్చి తల దించుకుంది.

ఆ మా ఆయన, పైడిబాబు, నిన్నటి నుంచి లాకప్‌లో ఉన్నాడు. ఈ మధ్యాహ్నం కోర్టులో పెడతారు. అక్కడి నుంచి జైలుకి పంపారంటే మళ్ళీ బయటికి ఎప్పుడొస్తాడో చెప్పగలవాళ్ళు లేరు. పద్మశ్రీ పొద్దున్నే గోవింద్‌పూర్ నుంచి స్కూటీ మీద వచ్చి సత్యభామ తలుపు కొట్టింది అందుకే.

కేసు చూడ్డానికి చిన్నదే. సరస్సు పక్కన కొత్తగా కట్టిన ఈ చిన్న కాలనీకి ఒక కమిటీ ఉంది. ఒడ్డంతా అందంగా చేయాలని ఆ కమిటీ ఇద్దరికి పని అప్పగించింది. రిటైరైన వెల్డర్ అప్పలరాజు తుక్కు ఇనుముతో బొమ్మలు చేశాడు: పళ్ళచక్రాలతో ఏనుగు, సైకిల్ చెయిన్లతో చేప, ఆఖరికి రెండు నిలువుల ఎత్తున ఈ కొంగ. ఆయన తమ్ముడి కొడుకు పైడిబాబు ఒడ్డు పొడవునా ఉన్న గోడ మీద బొమ్మలు వేశాడు. విశ్వకర్మ పూజ రోజు మధ్యాహ్నం, ప్రసాదాలు పంచుతుండగా, అందరి ముందూ ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. కొంగ తన ఆఖరి బొమ్మకి అడ్డం వచ్చిందని పైడిబాబు గోల. పక్కకి జరపకపోతే నేనే కోసి పారేస్తాను పెదనాన్నా అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళు ముప్ఫై మంది.

మర్నాడు పొద్దున చూస్తే కొంగ మెడ గ్యాస్ కట్టర్‌తో కోసి ఉంది. తెగిపడ్డ ఇనుప తల కింద అప్పలరాజు ఉన్నాడు.

"మీ ఆయన ఆ సాయంత్రం ఎక్కడున్నాడు?" అని ఇంటి దగ్గర అడిగినదే సత్యభామ మళ్ళీ అడిగింది.

సాక్చిలో గుప్‌చుప్ తింటున్నామని పద్మశ్రీ మళ్ళీ అదే చెప్పింది. పెదనాన్నని అన్ని మాటలన్నానని మూతి ముడుచుకుని కూర్చుంటే తనే బలవంతాన తీసుకెళ్ళిందట. ఆ పానీపూరీల చింతపండు నీళ్ళు ముక్కులోకి పోయి అతను దగ్గుతుంటే నవ్వి నవ్వి తన కళ్ళమ్మట నీళ్ళొచ్చాయట. బండివాడికి మాత్రం వాళ్ళు గుర్తులేరు. పండగ రోజు సాక్చిలో ఎవరికి ఎవరు గుర్తుంటారు?

సత్యభామ చాయ్ తాగింది. నిజంగానే బాగుంది. ఆ మాట పైకి అంటే ఆ పిల్ల సంతోషిస్తుందని తెలిసి, అంది.

*

వాచ్‌మన్ ముసలయ్య గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పలాస వైపు నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చినవాడు. ఊరు వదిలాడు గాని యాస వదల్లేదు. పోలీసులకి చెప్పిందే చెప్పాడు. పైడిబాబు, కోడలుపిల్ల మధ్యాహ్నమే బండెక్కి వెళ్ళిపోయారు. పనిముట్ల షెడ్డులో దేవుడి దగ్గర దీపం పెట్టడానికని పొద్దు గూకే వేళ అప్పలరాజు వచ్చాడు. దానికి కాస్త ముందు నుంచీ షెడ్డు వైపు స్స్‌మని చప్పుడు, నీలం వెలుగు.

"వెళ్ళి చూడలేదా?"

"ఎలా ఎల్తానమ్మా? ఇస్వకర్మ పూజనాడు మనిసన్నోడు పనిముట్టు ముట్టుకుంటాడేటి? అది మనిసి కాదనుకున్నాను. కళ్ళు మూసుకుని కూకున్నాను."

సత్యభామ అతన్ని తప్పు పట్టలేకపోయింది. ఈ ఊళ్ళో ఆ రోజు పెద్ద పెద్ద మిల్లుల నుంచి రోడ్డు పక్క పంక్చర్ షాపు దాకా పనిముట్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, పడుకోబెడతారు. మర్నాటి దాకా స్క్రూడ్రైవర్ కూడా తీయరు. కట్టర్ చప్పుడు విని మనిషి కాదనుకుని కళ్ళు మూసుకున్న కాపలాదారుడు ఇంకే ఊళ్ళోనూ దొరకడు. చంపినవాడికి అది కలిసొచ్చింది. అతను చూడనప్పుడు పైడిబాబు తిరిగొచ్చాడని పోలీసుల లెక్క.

"బయటివాళ్ళెవరూ లోపలికి రాలేదా?"

"ఒక్కడంటే ఒక్కడు రానేదు."

*

షెడ్డు కొంగకి పదడుగుల దూరంలో ఉంది. ఇన్‌స్పెక్టర్ సూరజ్ సీలు విప్పుతూ ఆవులింత ఆపుకున్నాడు. చెడ్డవాడు కాదు. పండగ బందోబస్తుతో మూడు రోజులుగా సరిగ్గా నిద్రలేదు, కేసు తేలిపోయిందని పైవాళ్ళకి చెప్పేశాడు, ఇప్పుడు మళ్ళీ తెరవమంటే చిరాకు. పది నిమిషాలు చూసుకోండి మేడమ్‌జీ, తర్వాత నన్ను వదిలేయండి అని హిందీలో అన్నాడు.

"పది నిమిషాలెందుకు సూరజ్‌జీ? ఆవిడకి ఐదు చాలు. నా దగ్గర నేర్చుకున్న మనిషి," అని వెనక నుంచి తెలుగులో ఒక గొంతు.

సత్యభామ తిరిగి చూడనక్కర్లేకుండానే ఎవరో తెలిసింది. అయినా తిరిగింది. సీతారామరావు తెల్లచొక్కా, నలగని మడత, నవ్వు. ఆయన సెక్యూరిటీ ఏజెన్సీలో ఆమె ఆరేళ్ళు పనిచేసింది. ఏడో ఏడు మానేసి సొంతంగా బోర్డు పెట్టుకున్నప్పుడు, వంట మానేసి నా మీద పోటీకొచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడాయన. ఈ ఒడ్డు కాపలా ఆయన ఏజెన్సీదే. ముసలయ్య ఆయన మనిషి. పైడిబాబు అన్న మాటల్ని పోలీసుల చెవిన వేసిందీ ఆయనే.

"ఇంకా ఈ పన్లోనే ఉన్నావా, అమ్మాయ్? మోకాలి నొప్పి తగ్గిందా?"

"మీరు గుర్తు చేసేదాకా తగ్గింది సార్."

ఆయన నవ్వి సూరజ్ వైపు తిరిగాడు. ఆయనకి కావలసింది వేరే. మూలన పీట మీద నడుమెత్తు విశ్వకర్మ మట్టిబొమ్మ ఉంది. పూజ మర్నాడే నీళ్ళలో కలపాల్సింది, షెడ్డుకి సీలు వేయడంతో అలాగే ఉండిపోయింది. దేవుణ్ణి ఇన్ని రోజులు ఉంచకూడదని పనివాళ్ళు గొణుగుతున్నారట. నిన్నటి నుంచి ఆయన స్టేషన్‌కి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఈ మధ్యాహ్నమే నిమజ్జనం కానిచ్చేస్తానన్నాడు. సూరజ్ చెయ్యూపాడు. దేవుడి విషయంలో అతను ఎవరితోనూ తగువు పెట్టుకోడు.

సత్యభామ పనిముట్ల ముందు వంగింది. నేల మీద పరిచిన ఎర్రగుడ్డ మీద సుత్తులు, గ్రైండరు, వెల్డింగ్ హోల్డరు, కట్టర్ వరసగా ఉన్నాయి. ఇక్కడి పూజారి పెట్టిన నారింజరంగు సిందూరం, కట్టిన ఎర్రదారం, ఎండిన బంతిపూలు. అన్నిటి మీదా ఒకేలాంటి దుమ్ము. కట్టర్‌కి మాత్రం దారం కాలి తెగిపోయి ఉంది, మూతికి మసి పట్టి ఉంది. ఆ మసి మీద వేలితో రాసిన పసుపు, పసుపు మధ్యలో గుండ్రంగా కుంకుమ.

ఆమె ఇంకా దగ్గరగా వంగింది. బొట్టు మసి కింద లేదు, మసి మీద ఉంది. అంటే ఎవరో పూజ అయిన పనిముట్టుని తీసి వాడారు. వాడిన తర్వాత భయపడ్డారో బాధపడ్డారో, మళ్ళీ బొట్టు పెట్టి పడుకోబెట్టారు. ఒక మనిషి ప్రాణం పోయిన చోట నిలబడి, పనిముట్టుకి క్షమాపణ చెప్పుకున్నారు.

సూరజ్‌కి చూపించింది. అతనికి నిద్రమత్తు వదిలింది. సీతారామరావు కూడా వంగి చూశాడు. కాస్త ఆగి, మెల్లిగా చప్పట్లు కొట్టాడు.

"భేష్. సూరజ్‌జీ, మీవాళ్ళు పనిముట్లకి సిందూరం పెడతారు. పసుపు రాసి, దాని మీద కుంకుమ పెట్టేది ఎవరో తెలుసా? మేము. తెలుగువాళ్ళం. ఇక్కడ కట్టర్ పట్టుకోగల తెలుగువాళ్ళిద్దరు. ఒకడు పోయాడు. రెండోవాడు మీ లాకప్‌లో ఉన్నాడు." ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పోలీసులకి దొరకని సాక్ష్యం నువ్వు దొరకబుచ్చుకున్నావు, అమ్మాయ్. ఆ పిల్ల నీకిచ్చే ఫీజు నాకివ్వాల్సింది."

సూరజ్ అప్పటికే రాసుకుంటున్నాడు. తలుపు దగ్గర పద్మశ్రీ గాజుల చప్పుడు ఆగిపోయింది. సత్యభామ కట్టర్ ముందు నుంచి లేచింది. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు.

ఇద్దరు మగవాళ్ళూ బయటికి వెళ్ళారు. ఆమె మాత్రం ఉండిపోయింది, వెంటనే పద్మశ్రీ మొహం చూసే ఓపిక లేక. ఊరికే నిలబడడం చేతకాక సిలిండర్ల దగ్గరికి వెళ్ళింది. పూజారి సిందూరం వాటి పొట్టల మీద ఉంది. పైన వాల్వ్‌ల మీద మాత్రం పసుపు, కుంకుమ. రెండు వాల్వ్‌ల మీదా. ఒక వాల్వ్‌ని తిప్పబోయింది. బిగుసుకుని ఉంది. రెండు చేతులూ వేసి తిప్పితే స్స్‌మంది. గబుక్కున మళ్ళీ బిగించింది.

బిగించి, చేతులు దాని మీదే ఉంచి, కదలకుండా నిలబడింది.

ఏజెన్సీ సాక్చి ఆఫీసులో ఏటా పూజ రోజు ఇదే జరిగేది. టైపు మిషనుకీ టార్చిలైట్లకీ ఇంకొకరెవరైనా బొట్టు పెట్టేవారు. చాయ్ కాచే గదిలో గ్యాస్ సిలిండరుకి మాత్రం సీతారామరావే పెట్టేవాడు. ముందు వాల్వ్‌ని బలంగా బిగించేవాడు. తర్వాత దాని నెత్తిన పసుపు, కుంకుమ. నేనొకప్పుడు ఫౌండ్రీలో సేఫ్టీ ఆఫీసర్ని, కట్టేశాకే దణ్ణం, కట్టకుండా ఎంత మొక్కినా దేవుడేం చెయ్యలేడు అని ఏటా అదే మాట. కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు. తనూ నవ్వింది.

గోడల మీద బొమ్మలేసుకునే పైడిబాబు చంపేసి పారిపోతూ వాల్వ్ బిగిస్తాడా? బిగించి దాని నెత్తిన బొట్టు పెడతాడా?

ఆమె బయటికొచ్చి నేరుగా గేటు దగ్గరికి నడిచింది.

"ముసలయ్యా, ఆ సాయంత్రం మీ సారు వచ్చారా?"

"వచ్చారమ్మా. రోజూ రౌండుకి వత్తారు గదా."

"ఎవరూ రాలేదన్నావు?"

ముసలయ్య తెల్లబోయాడు. "బయటోళ్ళ గురించి గదమ్మా మీరడిగింది? సారు బయటోడేటి? ఆయన మా సారు."

*

బొట్టు ఎవరు పెట్టారో ఆమెకి తెలుసు. ఆ తెలియడం ఆమె ఒక్కదానిది. కోర్టులో చెబితే నవ్వుతారు. అసలు ఒక తుక్కు బొమ్మ మెడని ఆయనెందుకు కోస్తాడు?

టార్పాలిన్ మీద పడేసిన కొంగ తల దగ్గరికి వెళ్ళి కోత పెట్టిన అంచు తడిమింది. మోకాలి నొప్పి ఓర్చుకుంటూ, అక్కడే ఉన్న నిచ్చెన మెట్లెక్కి, మొండెం మీది అంచు కూడా తడిమింది. తల వైపు అంచు సన్నగా, నలుచదరంగా ఉంది. మొండెం వైపుది అరచేతంత గుండ్రం. ఒక్క కోత అయితే రెండు అంచులూ ఒకదానికొకటి అతకాలి. ఇవి అతకవు. రెండు కోతలు కోసి మధ్యలో ముక్క పట్టుకుపోయారు. పోయింది తల కాదు. మెడ.

"పద్మశ్రీ, ఈ మెడ ఎలా ఉండేది?"

పద్మశ్రీకి గుర్తు లేదు. ఇనుము ఇనుములాగే ఉంది మేడమ్ అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, గోడ మీద ఉంటుందేమో, మా ఆయన కనిపించిందల్లా గీసేస్తాడు అంది.

ఇద్దరూ గోడ వెంబడి నడిచారు. మొదట కొలిమి ముందు నిలబడ్డ పనివాళ్ళు, తర్వాత సంతాల్ గిరిజన ఆడవాళ్ళు ఇళ్ళ గోడలకి వేసే పూలూ జంతువులూ, తర్వాత నెత్తిన ఇటుకలు మోస్తున్న కూలీలు. పద్మశ్రీ ఏడుపు గొంతుతోనే ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టింది. కూలీల్లో ఒకావిడ చేతికి ఆకుపచ్చ గాజులు, అవి తనవి. ఏనుగు కాళ్ళ మధ్య నుంచి తొంగిచూస్తున్న స్కూటీ, అది వాళ్ళది. ఒక చెట్టు కింద గోరంత గుప్‌చుప్ బండి, దాని ముందు ఇద్దరు మనుషులు. ఆ ఇద్దర్లో ఒకరికి మూతి ఉబ్బి ఉంది.

"అది నేను. నోట్లో పట్టనంత పెద్దది పెట్టుకున్నాను," అని చెప్పి, తనకి తెలియకుండానే నవ్వేసింది. సత్యభామకి కూడా నవ్వొచ్చింది. ఊరి గోడ మీద ఊరివాళ్ళకి కనబడకుండా ఆ కుర్రాడు పెళ్ళాం కోసం ఇంకో బొమ్మ వేసుకున్నాడు. ఈ చేతులు మనిషిని చంపాయంటే తను నమ్మదు. కాని తను నమ్మకపోతే కోర్టుకేం?

ఆఖరి బొమ్మ నిండా నీళ్ళే. సరస్సు, దాని అవతల దల్మా కొండలు. నిజం కొంగ దానికి సగం అడ్డంగా నిలబడి ఉంది. పైడిబాబు గోల చేసింది ఇందుకే. అయితే అతను పూజ ముందురోజు ఆ నీళ్ళలో ఇంకొకటి కలిపాడు. కొంగ నీడ. పెదనాన్న చేసిన కొంగ, ఉన్నది ఉన్నట్టు, తలకిందులుగా.

"చూశారా మేడమ్? కోపముంటే గీస్తాడా?"

సత్యభామ ఆ నీడనే చూస్తోంది. నిటారుగా నిలబడ్డప్పుడు ఆ కొంగ మెడ ఎవరి కంటికైనా కొంగ మెడే. నీళ్ళలో తిరగబడేసరికి అది కిందికి వేలాడుతోంది. కింద వంపు తిరిగి, కొన పైకి లేచి, క్రేనుకి వేలాడే కొక్కెంలా.

కొక్కెంలా కాదు. కొక్కెమే.

ఆమె దగ్గరికి వెళ్ళి వంపు మీద వేలు పెట్టింది. అక్కడ పైడిబాబు చేప పొలుసుల్లాంటి గీతలు అడ్డంగా ఒక వరస గీశాడు. ఎందుకో అతనికి తెలిసుండదు, ఇనుము మీద కనబడ్డాయి గనక గీశాడు. అది వెల్డింగ్ మచ్చ. పగిలిన కొక్కేన్ని ఎవరో అతికారు. క్రేను కొక్కెం పగిలితే తీసి పారేయాలి, అతకడమంటే మనిషిని చంపడమే అని ఆమెకి చెప్పినవాడు కూడా సీతారామరావే.

"మీ మావగారు ఎలా పోయారు?" అని మెల్లిగా అడిగింది. పైడిబాబు తండ్రి క్రేను పనిలో ఉండేవాడని పొద్దున ఆ పిల్లే చెప్పింది.

పద్మశ్రీ తను విన్నది చెప్పింది. ఆదిత్యపూర్ అవతల, ఇప్పుడు మూతబడ్డ ఒక ఫౌండ్రీలో ఆయన క్రేను నడిపేవాడు. ఒక రోజు కరిగిన ఇనుముతో ఉన్న బాల్చీ జారి ముగ్గురు పోయారు. తాగి క్రేను నడిపాడని, కొక్కెం బాగానే ఉందని అక్కడి సేఫ్టీ ఆఫీసర్ రిపోర్టు రాశాడు. కొక్కెం ఏమైందంటే కరిగించేశామన్నారు. ఆ నింద మోయలేక ఏడాది తిరక్కుండా ఆయనా పోయాడు. పైడిబాబుకి అప్పుడు పదేళ్ళు. తాగుబోతు కొడుకని బళ్ళో ఏడిపించేవారట, ఇప్పటికీ ఆ మాట వస్తే అన్నం మానేస్తాడట.

"పూజ రోజు గొడవయ్యాక పెదమావయ్య నన్ను పక్కకి పిలిచి, ఏడవకమ్మా, ఆదివారం ఈ కొంగకి పూలదండ వేసేటప్పుడు దీని మెడ ఎక్కడిదో అందరికీ చెప్తాను, నీ మావని మళ్ళీ తలెత్తుకు నిలబెడతాను అన్నాడు. నాకేం అర్థం కాలేదు మేడమ్. ముసలాయన ఏదో అంటున్నాడనుకున్నాను."

"ఆ మాట ఇంకెవరు విన్నారు?"

"ఎవరూ లేరు. కమిటీవాళ్ళు ప్రసాదం తింటున్నారు. సీతారామరావుగారికి నేనే ప్లేటు ఇచ్చాను, అక్కడే."

తుక్కులో కొట్టుకొచ్చిన కొక్కేన్ని అప్పలరాజు గుర్తుపట్టాడు. ఆ మాట విని, రిపోర్టు మీద సంతకం చేసిన సేఫ్టీ ఆఫీసర్ సీతారామరావు కూడా గుర్తుపట్టాడు. ఆయన దాన్ని కోస్తుండగా దీపం పెట్టడానికొచ్చిన అప్పలరాజు ఆ తల కింద నలిగిపోయాడు. అంతా అతికింది. ఒక్కటి తప్ప. కొక్కెం ఎక్కడ? గేటు దగ్గర ముసలయ్య ఉన్నాడు, అంత బరువు చంకలో పెట్టుకుని సీతారామరావు అతని ముందు నుంచి నడవలేడు. ఒడ్డున నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, పారేస్తే పొద్దున్నే కనబడుతుంది. లోతుకి ఈదుకెళ్ళే వయసు కాదు. అంటే ఇక్కడే ఉండాలి. ఎవరూ చెయ్యి పెట్టని చోట. తర్వాత పదిమందీ కలిసి తామే తీసుకెళ్ళి నీళ్ళలో కలిపే చోట.

అవతల ఢోలు మోగింది.

*

సత్యభామ పరుగెత్తి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పరుగెత్తింది. షెడ్డులోంచి విశ్వకర్మ అప్పటికే బయటికొచ్చేశాడు. ఇద్దరు పనివాళ్ళు పీట రెండు వైపులా పట్టుకుని పడవ రేవు వైపు నడుస్తున్నారు. ముందు ఢోలు, వెనక పదిమంది. సూరజ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. రేవు చివర పడవ సిద్ధంగా ఉంది. సీతారామరావు చెప్పులు ఒడ్డున విప్పేసి, చేతులు జోడించి నిలబడ్డాడు.

ముసలయ్య ఆమె పక్కకొచ్చి గొణిగాడు. "తెచ్చేటప్పుడు నేనొక్కడినే ఎత్తుకొచ్చానమ్మా ఈ దేవుణ్ణి. మట్టి, గడ్డీ, అంతే. ఇప్పుడిద్దరు ముక్కుతన్నారేటి?"

ఆమె రేవు మీదకి వెళ్ళి వాళ్ళకి అడ్డంగా నిలబడింది. దించమంది. ఎవరూ దించలేదు. నీళ్ళ దాకా వచ్చిన దేవుణ్ణి దించకూడదు మేడమ్‌జీ అని సూరజ్ సర్దిచెప్పబోయాడు. వెనకవాళ్ళలో ఒకడు కోపంగా ఏదో అన్నాడు. సీతారామరావు మాత్రం చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"అలసిపోయావు, అమ్మాయ్. పక్కకి జరుగు. దేవుడితో పెట్టుకోకు."

"దేవుడితో కాదు సార్."

ఆమె జరగలేదు. మోసేవాళ్ళు ఆమె పక్కనుంచి తప్పుకుని వెళ్ళబోయారు. రేవు సన్నగా ఉంది. ముందువాడి కాలు తడిచెక్క మీద జారింది. పీట ఒక పక్కకి ఒరిగింది, బొమ్మ దాని మీంచి దొర్లి, ఒడ్డు పక్కన చీలమండ లోతు నీళ్ళలో బోర్లా పడింది. జనం అయ్యో అన్నారు. ఢోలు ఆగిపోయింది.

మట్టిబొమ్మల వీపు ఎవరూ చూడరు. అక్కడ మట్టి మెత్తరు, గడ్డి బయటికే ఉంటుంది. ముందువైపు పగిలేసరికి ఆ గడ్డిలోంచి ఒక ఎర్రగుడ్డ మూట జారింది. సత్యభామ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలోకి దిగి, వంగి, గుడ్డ విప్పింది. ఎత్తలేకపోయింది. ఎత్తక్కర్లేదు కూడా. అందరికీ కనబడింది. వంపు తిరిగిన ఇనుము, వంపుకి అడ్డంగా చేప పొలుసుల్లాంటి మచ్చ. దాని నెత్తిన పసుపు, పసుపు మధ్యలో కుంకుమ. ఇంకా తడవలేదు.

పద్మశ్రీ గోడ వైపు చూసింది, మళ్ళీ నీళ్ళలోకి చూసింది. "మా మావగారిది," అంది.

సూరజ్ కాసేపు ఆ బొట్టుని చూశాడు. కట్టర్ మీద చూసిందీ, ఇదీ ఒకే వేలు. ఈ మూట బొమ్మలోకి వెళ్ళాక షెడ్డుకి సీలు పడింది, ఆ సీలు తీయమని ఫోన్ చేసింది ఎవరో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. టోపీ పెట్టుకున్నాడు. ఫోన్ తీసి, కోర్టుకి బయల్దేరిన బండి ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. మానగో వంతెన దాటలేదన్నారు. వెనక్కి తిప్పి ఇక్కడికే తీసుకురమ్మన్నాడు. తర్వాత ఇద్దరు కానిస్టేబుళ్ళకి కళ్ళతోనే సైగ చేశాడు.

సీతారామరావు పారిపోలేదు. ఉత్త కాళ్ళతో అక్కడే నిలబడి ఉన్నాడు. జోడించిన చేతులు విడదీయడం మరిచిపోయినట్టున్నాడు. కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేసినప్పుడు కూడా ఆయన సత్యభామనే చూస్తున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఆమె మొహంలో ఎంత అలసట ఉందో అంతే ఉంది.

"షెడ్డులో వాల్వ్ తిప్పి చూసుంటావు," అన్నాడు.

"చూశాను సార్."

"మళ్ళీ కట్టావా?"

"కట్టాను."

ఆయన తల ఊపాడు. చెప్పులు వేసుకోకుండానే జీపు వైపు నడిచాడు.